మోరోవిండ్ నుంచి స్కైరిమ్ దాకా
బెథెస్డా సంస్థ 1996లో తెచ్చిన ‘డాగర్‌ఫాల్’ వీడియో గేమ్‌లో ఆటగాడి పాత్రకు 35 నైపుణ్యాలు ఉండేవి. అదే వరుసలో వచ్చిన ‘మోరోవిండ్’ (2002) నాటికి అవి 27 అయ్యాయి, ‘ఆబ్లివియన్’ (2006)లో 21, ‘స్కైరిమ్’ (2011)లో 18 మిగిలాయి. ఈ కోతంతా నష్టమే అనలేం. మోరోవిండ్‌లో కత్తి శత్రువుకు తగిలినట్టు కళ్లకు కనిపించినా, లోపలి పాచికల లెక్క కుదరకపోతే దెబ్బ పడేది కాదు. దాన్ని తీసేయడం సబబే. కానీ అదే ఆటలో దారి తెలియాలంటే ఊరివాళ్ల మాటలు వినాలి, డైరీ శ్రద్ధగా చదువుకోవాలి. ఆబ్లివియన్ దిక్సూచిపై గుర్తు పెట్టి ఆ పని తప్పించింది, గాల్లో తేలే మంత్రాన్నీ ఎత్తేసింది. స్కైరిమ్‌లో సొంతంగా మంత్రాలు తయారుచేసుకునే వీలు కూడా పోయింది.

సులువు చేయబట్టే స్కైరిమ్ కోట్ల కాపీలు అమ్ముడుపోయిందని కొందరు వాదిస్తారు. కొత్తవాళ్లు రావాల్సిందే, కాదనను. అయితే వాళ్లను గుమ్మంలోనే ఆపింది అర్థంకాని లెక్కలు. మంత్రాలు కూర్చుకునే సరదా ఎవరినీ వెళ్లగొట్టలేదు. ఈ వరుసలో తర్వాతి భాగం తీసేవాళ్లు లెక్కల్ని ఎంతైనా సరళం చేయొచ్చు, ఆటగాడి ఎంపికల జోలికి మాత్రం వెళ్లకూడదు.