పీటమీద కూర్చోబెట్టిన పిల్లవాడు

మన విమర్శకులు కొడవటిగంటి కుటుంబరావు "చదువు" నవలను నిరుద్యోగ సమస్య కింద జమకడతారు. సుందరం అంత చదువూ చదివి స్థిరపడలేకపోయాడు. 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యం అందుకు కారణం. అంతటితో పుస్తకం మూసేస్తారు. నేనూ ఎం.ఏ. పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. రేపల్లె వైపు బళ్ళలో ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పాక ఆ సమాధానం సగమేనని తోస్తోంది.

మిగతా సగం తెనాలి ఇళ్ళలో వెతకాలి. 1943లో మన సంఘం తొలి మహాసభ జరిగిన ఆ ఊళ్ళోనే అంతకు నాలుగు దశాబ్దాల ముందు చలం పెరిగాడు. 1894లో మద్రాసులో పుట్టి తాతగారింట పెరిగిన ఆ పిల్లవాడు ఉపనయనమయ్యాక నిష్ఠగా సంధ్యావందనం చేసినవాడు. తల్లిని తండ్రి పెట్టే బాధలు కళ్ళారా చూసినవాడు. పెద్దయి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా తిరిగి "బిడ్డల శిక్షణ" రాశాడు. పిల్లల్ని కొట్టొద్దు, భయపెట్టొద్దు అని అందులో ఎంత గట్టిగా వాదించాడో చదివినవారికి తెలుసు. విచిత్రమేమంటే, "మైదానం" (1927)లో బాల్యానికి దాదాపు చోటే లేదు. రాజేశ్వరి మనకు కనిపించేసరికే వకీలుగారి భార్య. ఆమెను పెంచిన ఇల్లు నవల వెలుపల ఉండిపోయింది. పారిపోవడమే మనకు మిగిలింది.

కుటుంబరావు పారిపోనివ్వడు. 1909లో తెనాలిలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న ఈ రచయిత సుందరాన్ని అక్షరాభ్యాసం నాటినుంచే పట్టుకుంటాడు. ఆ చదువు ఎందుకో పిల్లవాడికి ఎవరూ చెప్పరు. బడిభయానికీ పెద్దల ఆశకూ మధ్య, అడగడమనే అలవాటే అతనికి అబ్బదు. మాంద్యం ఉద్యోగాలు లేకుండా చేసింది, నిజమే. దిక్కుతోచక నిలబడిపోయే మనిషిని మాత్రం మాంద్యం తయారుచెయ్యలేదు. (గోపీచంద్ సీతారామారావు మోసిన వంశప్రతిష్ఠ బరువుకూ దీనికీ చుట్టరికం ఉంది, అది వేరే వ్యాసం.)

ఇదే కుటుంబరావు, తెనాలి చక్రపాణి నాగిరెడ్డితో కలిసి 1947లో మొదలుపెట్టిన "చందమామ"కు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పనిచేశాడు. దాన్ని పొట్టకూటి కొలువని దాటెయ్యడం మనవాళ్ళ పొరపాటు. "చదువు" రాసినవాడు పిల్లలకు నవ్వుకునే కథలందించడం యాదృచ్ఛికమని నేననుకోను.

నా మాటా చెప్పుకోవాలి. బాపట్లలో మా ఇంట్లో పిల్లల నవ్వు వినిపిస్తే నాన్నగారు గొంతు సవరించుకునేవారు. కొట్టింది లేదు, తిట్టింది లేదు. ఈనాటికీ సభలో నేను మాట్లాడుతుంటే ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, చెప్పబోయే మాట మరిచిపోతాను. దీన్ని ఏ ఆర్థిక సూత్రం కిందకు తేవాలో నాకు తెలియదు.

మొన్న పదో తరగతిలో, మీకు నచ్చింది ఏదైనా ఒక పేజీ రాయండర్రా అన్నాను. క్లాసంతా నిశ్శబ్దం. చివరికి ముందు బెంచీ కుర్రాడు చేతులు కట్టుకుని లేచాడు.

"ఏది నచ్చిందని రాయమంటారు సార్?"