వరాహ లాంఛనం నుంచి రాజ్యాంగ పీఠిక దాకా

మనం కావ్యాలను విమర్శిస్తాం, నవలలను విమర్శిస్తాం. రాజముద్రను, జెండాను, బడిలో పిల్లలు రోజూ అప్పజెప్పే ప్రతిజ్ఞను మాత్రం విమర్శకు పనికివచ్చే వస్తువులుగా చూడం. అవి ప్రభుత్వ వ్యవహారాలనీ, సాహిత్యానికి సంబంధించినవి కావనీ ఒక అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. ఇది చారిత్రక దృష్టి అనిపించుకోదు. కావ్యం చదివేవారు వేలల్లో ఉంటే, ఈ చిహ్నాల నీడలో బతికేవారు కోట్లలో ఉన్నారు. ఒక సమాజంలో ఎవరు పాలకులో, ఎవరు పాలితులో, వాళ్ళ మధ్య ఉన్న సంబంధమేమిటో కావ్యం కంటే సూటిగా ఇవే చెపుతాయి.

నేను బడిలో తెలుగు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. నా చేతిలో ఉన్న పరికరం వ్యాకరణం. అందుకే ఈ చిహ్నాలను ఒక వ్యాకరణ ప్రశ్నతోనే పరీక్షిస్తాను: పాలన అనే వాక్యానికి కర్త ఎవరు?

మా ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో గోడలమీదా స్తంభాలమీదా వందలకొద్దీ శాసనాలున్నాయి. ఈ గుడి కట్టడాన్ని తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీమునితో ముడిపెడతారు. ఆ రాజుల తామ్రశాసనాలకు వేసిన ముద్రమీద వరాహం ఉంటుంది, అంకుశం ఉంటుంది, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే బిరుదు ఉంటుంది. మూడు లోకాలకూ అంకుశం వంటివాడని దాని అర్థం. ఈ రూపకాన్ని కాస్త విప్పి చూడాలి. రాజు అంకుశమైతే లోకం ఏనుగు. ఏనుగుకు బలముంది, కాని దాని నడక దాని ఇష్టం కాదు. రాచరికం తనను గురించి తాను ఇంత నిజాయితీగా చెప్పుకున్న సందర్భాలు తక్కువ.

శాసనాలలో వాక్యానికి కర్త రాజో, దాతో. ఎప్పుడూ ప్రథమ పురుషలోనే ఉంటాడు. ముందు బిరుదులు వరస కడతాయి, తరవాత పాలనా సంవత్సరం, ఆ తరవాత దానం. అఖండ దీపానికి గొర్రెలను ఇస్తారు. ఆ గొర్రెలను ఒక బోయవానికి అప్పగిస్తారు. అతడు, అతని తరవాత అతని సంతతి, సూర్యచంద్రులున్నంత కాలం రోజుకొక మానెడు నెయ్యి దీపానికి పొయ్యాలి. దానం చేసిన పుణ్యం దాతది, పేరు రాజుది, నెయ్యి బోయవానిది. కొన్నిచోట్ల అతని పేరు కూడా చెక్కారు. అయితే అది హక్కుదారుగా కాదు, బాధ్యుడుగా. చరిత్రలోకి శ్రామికుడు ప్రవేశించిన ద్వారం అది. లేఖకుని దృష్టి అతనిమీద పడింది ఆ నేతి లెక్క కోసమే.

ఈ ఏర్పాటుకు కాపలా ఏమిటి? శాపం. దత్తమైన భూమిని అపహరించినవాడు అరవై వేల సంవత్సరాలు మలంలో పురుగై పుడతాడనే శ్లోకం దాన శాసనాల చివర కనిపిస్తూనే ఉంటుంది. తరవాత వచ్చే రాజును కట్టడి చెయ్యడానికి, అడగడానికి, దించడానికి మనుషుల చేతుల్లో ఏ మార్గమూ లేనప్పుడు నరకాన్ని సాక్ష్యానికి పిలవక తప్పదు. రాజ్యాంగం లేని చోట శాపం రాజ్యాంగం పని చేస్తుంది. రాజరాజనరేంద్రుని కొడుకు 1070లో కులోత్తుంగుడుగా చోళ సింహాసనమెక్కాడు. చోళుల ముద్రమీద పులి, చేపలు, విల్లు ఉంటాయి. ముద్రమీద జంతువు మారింది గాని, పాలన వాక్యంలో కర్త స్థానం మారలేదు.

ముద్రమీద జంతువుకు బదులు మంచి మాట రాస్తే సరిపోతుందా? దీనికి జవాబు కూడా మాకు దగ్గరలోనే ఉంది. ద్రాక్షారామానికి దిగువన, గౌతమి ఒడ్డున యానాం ఉంది. ఫ్రెంచివాళ్ళు అక్కడికి 1723లో వచ్చారు. 1789 విప్లవం తరవాత ఫ్రాన్సు జెండా మూడు రంగులదైంది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఆ రిపబ్లిక్కు నినాదమయ్యాయి. ఆ రిపబ్లిక్కు జెండాయే యానాంలో వలసపాలన జెండా. ఫ్రెంచి ఇండియా 1871 నుంచి పారిస్ పార్లమెంటుకు ఒక ప్రతినిధిని పంపింది కూడా. అయితే ఓటర్ల జాబితాలు యూరోపియన్లకు వేరు, దేశీయులకు వేరు. బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చాక, ఆ చట్టం వర్తించని యానాంకు చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాల్యవివాహాలు చెయ్యడానికి తరలివెళ్ళాయి. స్వేచ్ఛ అనే మాట రాసుకున్న రాజ్యపు నీడలోనే పసిపిల్లల మెడలో తాళి పడింది. నినాదం వేరు, అధికార స్వరూపం వేరు అనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించదు.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు యానాంలో ఫ్రెంచి జెండా దించి భారత జెండా ఎగరేశారు. అదే సంవత్సరం అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి ఇండియా ప్రజాప్రతినిధులు 178 మంది ఓటు వేస్తే 170 మంది భారతదేశంలో కలవాలన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. జెండా మారడానికి ఒక పూట చాలింది, పాలనాధికారం చట్టబద్ధంగా మారడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఈ రెండూ ఒకటి కావని గుర్తుంచుకోవాలి.

ఇక మన జెండా సంగతి. పింగళి వెంకయ్య 1916లోనే జాతీయ పతాకం గురించి పుస్తకం ప్రచురించాడు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల సందర్భంలో గాంధీ అడిగితే ఎరుపు, ఆకుపచ్చ రంగులతో, చరఖాతో నమూనా గీసి ఇచ్చాడు. చరఖా ఉండాలన్న సూచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌ది. తక్కిన మతాలవారికోసం తెలుపు చేర్చాలన్నది గాంధీ. ఆ రంగులకు మతాలను అంటగట్టడం మీద అభ్యంతరాలు వచ్చాయి. 1931లో పట్టాభి సీతారామయ్య కన్వీనరుగా ఏడుగురితో సంఘం వేశారు. సంఘం మొత్తం కాషాయం రంగు జెండాను సిఫారసు చేసింది. కాంగ్రెసు దాన్ని ఒప్పుకోలేదు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చలనే తీసుకుని, ఈ రంగులకు మతపరమైన అర్థం లేదని తీర్మానించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ చరఖా స్థానంలో అశోక చక్రాన్ని ఉంచి జెండాను ఆమోదించింది.

వరాహ లాంఛనం మీద ఏ రాజూ ఎవరి అభ్యంతరాలూ విన్న దాఖలా లేదు. పాతికేళ్ళకు పైగా వాదించుకుని, దిద్దుకుని, ఓటు వేసి నిర్ణయించుకున్న చిహ్నం మన జెండా. దాని ప్రజాస్వామ్య స్వభావం రంగుల్లో లేదు, ఆ వాదోపవాదాల్లో ఉంది. సారనాథ్ సింహాలు కూడా ఒక చక్రవర్తి నిలబెట్టినవే గదా అనవచ్చు. నిజమే. రాతి సింహం అదే, దాన్ని తెచ్చి నిలబెట్టుకున్నవాళ్ళు మారారు. కర్త మారితే చిహ్నం అర్థం మారుతుంది. అలాగే, ఆ కర్త స్థానాన్ని మళ్ళీ ఎవరైనా ఆక్రమించుకుంటే అదే చిహ్నం అంకుశం కావడానికి ఎంతో కాలం పట్టదు.

ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోని పూర్ణకుంభం అమరావతి శిల్పాలనుంచి వచ్చింది. అమరావతిలో దొరికిన ఒక పూర్ణఘట ఫలకంమీద దాత పేరుంది. అతడు విధికుడనే చర్మకారుడు. తోళ్ళ పని చేసే మనిషి, ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు. తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి ఆ ఫలకాన్ని ఇచ్చుకున్నాడు. ద్రాక్షారామం రాళ్ళమీద బోయవాడు బాధ్యుడు. అమరావతి రాతిమీద చర్మకారుడు కర్త. మన రాష్ట్ర చిహ్నం వెనక అలాంటి చేతులున్నాయని ఏ పాఠ్యపుస్తకమైనా పిల్లలకు చెపితే ఎంత బాగుండును!

పిల్లల మాట వచ్చింది కాబట్టి ప్రతిజ్ఞ సంగతి చూద్దాం. విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకటసుబ్బారావు దీన్ని 1962లో తెలుగులో రాశాడు. ఆయన నల్గొండ జిల్లా అన్నెపర్తి మనిషి. 1965 నుంచి దేశంలోని బడులన్నిటికీ వ్యాపించి, భాష భాషకూ అనువాదమైంది. తెలుగులో పుట్టి ఇన్ని నోళ్ళలో నానిన వచనం మరొకటి లేదనుకుంటాను. అయినా ఎన్నో ఏళ్ళు పాఠ్యపుస్తకాలు రచయిత పేరు లేకుండానే అచ్చువేశాయి. మన సాహిత్య చరిత్రలూ ఆయన్ను పట్టించుకోలేదు.

ఆ రచనను విమర్శకుడిగా చదివితే రెండు సంగతులు కనిపిస్తాయి. అందులో రాజు లేడు, ప్రభుత్వం లేదు. దేశం ఉంది, ప్రజలున్నారు, తోబుట్టువుల బంధం ఉంది. ఇది దాని గొప్పతనం. వాక్యానికి కర్త 'నేను'. చివరి బెంచీలో కూర్చునే కూలివాని కొడుకు కూడా ఆ పూట ఉత్తమ పురుషలో మాట్లాడతాడు. రెండో సంగతి దాని పరిమితి. అందులో గౌరవం ఉంది, సేవ ఉంది, కాని హక్కు లేదు, సమానత్వం అనే మాట లేదు. ఆ లోటు తీర్చేది రాజ్యాంగ పీఠిక. పీఠికలో కర్త 'మేము'. రాజ్యాంగాన్ని తమకు తామే ఇచ్చుకున్నవాళ్ళు ప్రజలు. న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అక్కడ హామీలు. అందుచేత ప్రతిజ్ఞ చెప్పించిన నోటితోనే పీఠికను కూడా చదివించాలని నా అభిప్రాయం. హక్కు తెలియని భక్తిని ఎవరైనా వాడుకోవచ్చు.

కేరళలో ముగ్గురు పిల్లలు తమ మతవిశ్వాసం వల్ల జాతీయగీతం పాడకుండా, మర్యాదగా లేచి నిలబడ్డారు. వాళ్ళను బడినుంచి పంపేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. తీర్పు రాసింది మన తెలుగువాడు ఓ. చిన్నప్పరెడ్డి. చిహ్నం పౌరునికోసం గాని పౌరుడు చిహ్నంకోసం కాదని ఆ తీర్పునుంచి నేను గ్రహించిన అర్థం.

ఇప్పుడు మా సీమ ముఖం మీద ఉన్న గాయాన్ని చూడక తప్పదు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. ద్రాక్షారామం అందులో చేరింది. మే నెలలో ఆ పేరుకు ముందు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, శాసనసభ్యుని ఇల్లు తగలబెట్టారు. బస్సులు తగలబెట్టారు. 'కోనసీమ' అన్న పేరును ఎవరూ తీసెయ్యలేదు, దానికి ముందు ఒక పేరు చేర్చారంతే. ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశం జిల్లా అయింది. నెల్లూరుకు 2008లో పొట్టి శ్రీరాములు పేరు చేరింది. ఆ పేర్లకు ఎవరి ఇల్లూ కాలలేదు. రాజ్యాంగ రచనా సంఘం అధ్యక్షుని పేరుకు మాత్రం ఇళ్ళు కాలాయి. ఎందుకు కాలాయో కోనసీమలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. పొలంలో ఒక వరస, చెరువుగట్టున ఒక వరస, పేటకు ఒక వరస పాటించే వ్యవస్థ 'మేము' అనే మాటలోకి అందరినీ రానివ్వదు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఈ ప్రమాదాన్నే హెచ్చరించాడు. రాజకీయాలలో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి మనం అడుగు పెడుతున్నామన్నాడు. ఆ వైరుధ్యానికి మంటల రూపం అమలాపురంలో కనిపించింది. ఆ ఏడే పేరు ఖరారైంది. బోర్డులు మారాయి. బోర్డు మారితే సమాజం మారిందనుకోవడం, ఫ్రెంచి నినాదం చూసి యానాంలో స్వేచ్ఛ ఉందనుకోవడం వంటిదే.

రచయితలకు ఇందులో పని ఉంది. శాసనంలోని బోయవాణ్ణి, ఫలకంమీది విధికుణ్ణి, పేరు లేకుండా అచ్చయిన పైడిమర్రిని మన సాహిత్య చరిత్రలోకి తీసుకురావాలి. చిహ్నాలకు దండం పెట్టడమూ కాదు, వాటిని తిరస్కరించడమూ కాదు, వాటిని చదవడం నేర్పాలి. రాజ్యాంగం రాసిన 'మేము' ఇంకా పూర్తి కాని వాక్యం. పేటలో మనిషి, పాకలో మనిషి, మగ్గం గుంటలో మనిషి అందులో కర్తలుగా చేరినప్పుడే దానికి పూర్ణవిరామం పెట్టగలం. అంతవరకూ దాన్ని రాస్తూ ఉండడమే అభ్యుదయ రచయిత కర్తవ్యం.