విదురాశ్వత్థ ప్రాంతపు పాత నాణెములు: చరిత్రయు, వెలయు

విదురాశ్వత్థము, చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి - ఈ పట్టున నేటికిని ఇండ్లలో తెలుగు వినబడుచునే యున్నది. ప్రభుత్వము మాత్రము రాయలనుండి పాళెగాండ్రకు, హైదరు టిప్పులకు, ఒడెయర్లకు చేతులు మారినది. కావున ఈ సీమలో పాతపెట్టెల యడుగున దొరకు నాణెములు ఒకే జాతివి కాకుండుట వింత కాదు. మాడ, వరహా, రూక, కాసు, దుడ్డు - ఇవన్నియు ఒకప్పుడు నాణెముల పేళ్ళే. ధనమునకెల్ల పేరైన 'డబ్బు' సైతము తొలుత ఒక రాగినాణెము.

ఈ చుట్టుపట్ల దొరకిన ప్రాచీన నాణెములలో రోమను వెండి దెనారియసులు ముఖ్యములు. 1891లో యశ్వంతపురము కడ 163, 1965లో బెంగుళూరు విమాన కర్మాగారపు ఆవరణలో 256 బయల్పడినవి. ఆ దెనారియసు శబ్దమే మనకు 'దీనార'మైనది. పడమటి రోమక సామ్రాజ్యము కూలిన దాదాపు వేయేండ్లకు, ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథునకు జరిగినదని ప్రసిద్ధి కెక్కిన కనకాభిషేకము దీనారటంకములతోనే. నాణెము పోయినను దాని పేరు కవి తలపై కురిసినదన్నమాట!

1443లో విజయనగరమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుల్ రజాకు నాటి లెక్కను వ్రాసియుంచెను. వరహాలో సగము ప్రతాపము. ప్రతాపమునకు పది ఫణములు. ఫణమునకు ఆరు వెండి తారములు. తారమునకు మూడు రాగి జీతలములు. అనగా మూడున్నర గ్రాములకు లోబడిన ఒక్క వరహా 360 రాగినాణెములకు సమానము. సామాన్యుడు వరహాను చూచిన సందర్భము లరుదని దీనివలన ఊహింపవచ్చును.

మైసూరు కంఠీరవ నరసరాజ ఒడెయరు (1638-1659) నరసింహమూర్తితో వేయించిన కంఠీరాయి ఫణము గోటిపై నిలుచునంత చిన్నది. హైదరాలీ తన వరహాపై శివపార్వతులను అట్లే యుంచి, వెనుక తన పేరిటి పారసీకాక్షరము మాత్రము వేయించెను. ముద్ర మార్చినచో వర్తకుడు నమ్మడని యెరిగిన గడుసరి! టిప్పు ఏనుగు బొమ్మతో రాగినాణెములు వేయించెను. అతని టంకశాలలలో రెండు తెలుగునాటివే: ఫైజ్ హిసారనబడిన గుత్తి, జఫరాబాదనబడిన గుర్రంకొండ. పిమ్మట ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు కాసులపై కన్నడము, కుంపిణీ వారి చెన్నపట్టణపు నాణెములపై తెలుగును కనబడుచున్నవి.

ఇక వెల మాట. పాతదగుటచేతనే నాణెమునకు వెల రాదు. అరుదుదనము, ముద్ర స్పష్టత, దొరకిన చోటు - ఇవి వెలను నిర్ణయించును. చింతపండుతో తోమి తళతళలాడించిన నాణెము సగము విలువ కోల్పోయినట్లే. అంతకంటె పెద్ద హాని కంసాలి మూస. అందు కరగినది బంగారముగా మిగులును, చరిత్రగా మిగులదు.

మోసములును పెక్కు. శ్రీరామ పట్టాభిషేకమో, హనుమంతుడో గల రాగి 'అర్ధణా'లను 1616, 1717, 1818 సంవత్సరముల కుంపిణీ నాణెములని, అవి బియ్యమును లాగుకొనునని చెప్పి లక్షలు దండుకొనువారున్నారు. 1616 నాటికి కుంపిణీవారు మచిలీపట్టణమున, సూరతున వర్తకులు మాత్రమే. వారు తరువాత బంగారు వరహాలపై వేంకటేశ్వరుని వేయించిన మాట నిజమే. కాని ఈ రాగిబిళ్ళలు వారివి కావు. రామటంకములును పూజకు చేయించినవే గాని చెలామణి నాణెములు కావు. వాటిని పూజించుటలో తప్పు లేదు, పొలమమ్మి కొనుటలోనే యున్నది.

నేలలో నిక్షేపము దొరకినచో ప్రభుత్వమునకు తెలుపవలయునని కర్ణాటకమున 1962 నాటి చట్టము, ఆంధ్రమున 1878 నాటి చట్టము విధించుచున్నవి. నూరేండ్లు దాటిన నాణెములను విదేశములకు పంపుట 1972 చట్టముచే నిషిద్ధము. నాగటి చాలున కుండ బయటపడినప్పుడు భయపడి నాణెములను పంచుకొని, కుండను పగులగొట్టుట మన పల్లెలలో వాడుక. ఆ పెంకులను కూడ దాచి చూపవలయును. వాటిలో కడపటి నాణెము ఏ రాజుదో, కుండ ఏ కాలపుదో తెలిసిననాడు, ఎవరో ఏ కలతకు జడిసి ఆ సొమ్మును పాతిపెట్టిన కాలము సుమారుగా తేలును.