ఒక్క చుక్కా పోకుండా

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటను వీడియో తీసి పదికాలాలు దాచాలనుకునేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. తెర వెనక దీపం, బొమ్మ ఒంటినిండా చెక్కిన సన్నటి చిల్లులు, వాటిలోంచి రంగుగా జారే వెలుగు. ఇదే ఆ ఆటకు ప్రాణం. మామూలు ఎంపీ4 ఫైలు సైజు తగ్గించే తొందరలో ముందు దెబ్బకొట్టేది ఇక్కడే. చీకటి అంచులు గళ్లుగళ్లుగా విడిపోతాయి, చిల్లులు అలుక్కుపోతాయి. ఫోన్‌లో చూసుకోవడానికి అది చాలు. కానీ రేపటి ప్రతి కాపీకీ తల్లి కావలసిన ఫైలుకు అది చాలదు. ఒకసారి పోయిన వివరం తిరిగి రాదు, ఇంకో ఫార్మాట్‌లోకి మార్చిన ప్రతిసారీ మరికొంత పోతుంది.

పోనీ అసలు కుదించకుండా ఉంచుదామా? 720×576 చుక్కలు (పిక్సెళ్లు), సెకనుకు 25 ఫ్రేములు ఉండే పాతకాలపు కాసెట్ వీడియోకే గంటకు దాదాపు 75 జీబీ పడుతుంది. తెల్లవార్లూ సాగే ఆట ఆరు గంటలనుకున్నా 450 జీబీ.

ఈ ముడిని విప్పింది పెద్ద కంపెనీ కాదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్న ఆస్ట్రియా ప్రోగ్రామర్ మైకేల్ నీడర్‌మేయర్ 2003లో ఎఫ్ఎఫ్‌వీ1 అనే కోడెక్ (వీడియోను కుదించి, తిరిగి విప్పే ప్రోగ్రామ్) రాశాడు. దాని పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ఎడమన, పైన ఉన్న చుక్కలను చూసి ఈ చుక్క రంగు ఇదై ఉంటుందని అంచనా కడుతుంది, అంచనాకూ అసలుకూ ఉన్న తేడాను మాత్రమే రాసుకుంటుంది. పక్కపక్క చుక్కలు ఎక్కువగా ఒకే రంగులో ఉంటాయి కాబట్టి ఆ తేడాలు చిన్నవి. ఫైలు సుమారు సగానికి దిగుతుంది, విప్పితే మాత్రం అసలు చిత్రం చుక్క చుక్కా యథాతథంగా వస్తుంది. అంతకు కొద్దిగా ముందే, 2002 చివర్లో, బొమ్మనూ ధ్వనినీ ఒకే ఫైల్లో కూర్చే మత్రోస్కా అనే ఫైలు ఫార్మాట్ పుట్టింది. ఈ రెండూ తర్వాత జతకట్టాయి.

వీటిని తయారుచేసినవాళ్లు ఆర్కైవులను దృష్టిలో పెట్టుకోలేదు. వియన్నాలోని జాతీయ దృశ్య శ్రవణ భాండాగారం ఓస్టర్‌రైషిషె మెడియాటెక్ టేపులను డిజిటల్ చేసే పనిలో ఎఫ్ఎఫ్‌వీ1ను ఎంచుకుంది. ఆర్కైవుల చేతుల్లో పడ్డాక దాని అవసరాలు మారాయి. ఇరవై ఏళ్ల తర్వాత ఫైల్లో ఒక బిట్ చెడితే ఎవరికి తెలుస్తుంది? 2013లో స్థిరపడిన మూడో వెర్షన్ దీనికి జవాబిచ్చింది. ఒక్కో ఫ్రేమును ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఒక సరిచూపు సంఖ్య తగిలించవచ్చు. డిస్క్ పాడైతే ఆ ముక్క వరకే నష్టం, అది ఏ ఫ్రేములో ఉందో కూడా సాఫ్ట్‌వేరే చెబుతుంది.

నా లెక్కలో అసలు గొప్ప పని ఆ తర్వాతిది. ఫైలును తెరిచే ప్రోగ్రామే రేపు లేకపోతే? 2014-17 మధ్య యూరప్‌లో నడిచిన ప్రిఫార్మా ప్రాజెక్టు ఈ ప్రశ్నను పట్టుకుంది. అక్కడ మొదలైన ప్రయత్నం ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌కు చేరింది. నీడర్‌మేయర్, డేవ్ రైస్, జెరోమ్ మార్టినెజ్ రాసిన ఎఫ్ఎఫ్‌వీ1 నిర్దేశపత్రం 2021లో ఆర్ఎఫ్‌సీ 9043గా వెలువడింది. మత్రోస్కాది 2024లో ఆర్ఎఫ్‌సీ 9559. ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, చదివి సొంతంగా ప్రోగ్రామ్ రాసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మనకు ఈ సంగతి ఎందుకంటే, తెలుగువాళ్ల తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) చూద్దామంటే ఈరోజు ప్రింటు లేదు. వీడియో కాసెట్లకు గడువు ఇంకా తక్కువ. వీసీఆర్‌లు తయారుచేస్తూ మిగిలిన చివరి సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఆపేసింది. గోరంట్లలో, హిందూపురంలో, పెనుకొండలో బీరువాల్లో ఉన్న పెళ్లిళ్ల, జాతరల, నాటకాల కాసెట్లను ఆడించే యంత్రాలు ఏటేటా తగ్గుతున్నాయి.

కాసెట్ మార్పించేటప్పుడు స్టూడియోవాళ్లను మత్రోస్కాలో ఎఫ్ఎఫ్‌వీ1 ఫైలు అడగండి, చూడటానికి వేరే ఎంపీ4 తీసుకోండి. ఫోన్‌లో తీసిన వీడియో అయితే ఇందులోకి మార్చినా నాణ్యత పెరగదు, ఫోన్ ఇచ్చిన అసలు ఫైలునే అట్టిపెట్టండి. రెండు డిస్కుల్లో ఉంచి, ఒకటి వేరే ఊళ్లోని బంధువుల ఇంట పెట్టండి. ఏడాదికోసారి రెండూ తెరిచి సరిచూసుకోండి.