పర్యవేక్షణాధికారం – పరీక్షాధికారం: తెలుగు వ్యాసరచన వివాదం (1907–1915), దక్షిణ రాయలసీమ భాష

ఉపోద్ఘాతం

గ్రాంథిక, వ్యావహారిక వాదాలను మన సాహిత్య చరిత్రలు ప్రధానంగా భాషాసిద్ధాంతాల సంఘర్షణగా వివరించాయి. ఒక వైపు గిడుగు వేంకట రామమూర్తి, గురజాడ అప్పారావు, మరొక వైపు జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు నిలిచి సాగించిన వాదప్రతివాదాలు పరిశోధకులకు సుపరిచితాలే. అయితే ఈ వివాదం మొలకెత్తింది బడిలో; తొలి దశలో దాని ఫలితాన్ని నిర్ణయించింది పరీక్షాసంస్థలు. బడిని తనిఖీ చేసే అధికారికీ, ఆ బడి విద్యార్థులకు పరీక్ష పెట్టే సంస్థకూ మధ్య ఉన్న అధికార విభజన వెలుగులో చూసినప్పుడు, 1915 నాటికి వ్యావహారికవాదులకు ఎదురైన ఓటమి స్వరూపం మరింత స్పష్టమవుతుంది. ఆ విభజనను వివరించి, ఈ వివాదంలో చిత్తూరు, తిరుపతి ప్రాంతపు తెలుగు స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

రెండు అధికారాలు

బ్రిటిష్ పాలనలోని మద్రాసు ప్రెసిడెన్సీలో పాఠశాల ఒకే యజమాని కింద ఉండేది కాదు. 1884 నాటి స్థానిక సంస్థల చట్టం తరువాత జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు కొన్ని బడులను నడిపాయి. సంస్థానాధిపతులు, మిషనరీలు, ప్రైవేటు యాజమాన్యాలు మరికొన్నిటిని నడిపారు. వీటన్నిటినీ తనిఖీ చేసే బాధ్యత విద్యాశాఖకు చెందిన ఇన్‌స్పెక్టర్లది. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుకు ఇన్‌స్పెక్టరు నివేదిక ఆధారం కావడంతో తరగతి గదిలో అతని మాటకు బలం ఉండేది. అమెరికాలో ఎన్నికైన స్కూలు బోర్డు సాధారణంగా తన సూపరింటెండెంటును తానే నియమించుకుంటుంది, పొసగకపోతే తానే తొలగిస్తుంది. అక్కడ తగవు ఒకే సంస్థ లోపలిది. మద్రాసులో ఇన్‌స్పెక్టరు ఏ బోర్డుకూ ఉద్యోగి కాడు. అందువల్ల ఇక్కడ భేదాభిప్రాయం వచ్చినప్పుడు అది రెండు వేర్వేరు అధికార పరిధుల మధ్య తగవుగా మారేది.

రెండవ అధికారం పరీక్షది. కళాశాల పరీక్షలు మద్రాసు విశ్వవిద్యాలయం చేతిలో ఉండేవి. 1910 ప్రాంతంలో అమలులోకి వచ్చిన స్కూల్ ఫైనల్ విధానానికి ప్రత్యేకంగా ఒక బోర్డు ఏర్పడింది. ఇన్‌స్పెక్టరు అధికారం కొన్ని జిల్లాలకు పరిమితం. పరీక్ష మాత్రం ప్రెసిడెన్సీ అంతటికీ ఒకటే. వ్యాసరచన వివాదం గతిని నిర్ణయించడంలో ఈ తేడాకు ప్రధాన పాత్ర ఉంది.

ఇన్‌స్పెక్టరు ప్రశ్న

1907లో జె. ఎ. యేట్స్ ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా విశాఖపట్నం ప్రాంతానికి వచ్చాడు. ఆంగ్ల బోధనలో జీవద్భాషను నేరుగా ఉపయోగించి నేర్పే పద్ధతిని ప్రోత్సహించిన అధికారి అతడు. తెలుగు తరగతులను తనిఖీ చేస్తున్నప్పుడు, పిల్లలు మాట్లాడే భాషకూ పుస్తకంలోని భాషకూ మధ్య ఇంత దూరం ఎందుకు ఉందన్న ప్రశ్న అతనికి ఎదురైంది. ఉపాధ్యాయుల నుండి తృప్తికరమైన సమాధానం రాలేదు. విశాఖపట్నంలో మిసెస్ ఎ. వి. ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి. టి. శ్రీనివాస అయ్యంగారు, ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలవారు విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు అని సూచించారు.

ఈ నలుగురి కలయికను సాహిత్య చరిత్రలు ఒక శుభసంఘటనగా పేర్కొంటాయి. దాని పాలనాపరమైన స్వభావం కూడా గమనార్హం. గిడుగు బడి పంతులుగా దీర్ఘకాలం పనిచేసి, సవర భాషను ఆ జనం నోటనుండే నేర్చుకొని, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి ప్రయత్నించిన అనుభవం గలవారు. గురజాడ ‘కన్యాశుల్కం’ ద్వారా వ్యావహారికానికి సాహిత్య గౌరవం సంపాదించినవారు. శ్రీనివాస అయ్యంగారు కళాశాల పాలకులు. యేట్స్ ప్రభుత్వాధికారి. అనుభవం, సృజన, పాలన, అధికారం ఒక చోట చేరాయి. కాని ఈ కూటమి బలమంతా ఉత్తర కోస్తాలోనే ఉంది. అక్కడి బడుల్లో బోధనను మార్చమని చెప్పగల అధికారం యేట్స్‌కు ఉన్నా, ఆ బడి పిల్లవాడు రాసిన జవాబుపత్రాన్ని దిద్దేవారిపై అతనికి అధికారం లేదు.

1912–13 ఉత్తర్వు

బోధనలోని సంస్కరణ నిలవాలంటే పరీక్ష దానిని ఆమోదించాలి. స్కూల్ ఫైనల్ విధానంలో దేశభాషలో వ్యాసరచనకు స్థానం ఉండటం ఇందుకు అవకాశం కల్పించింది. 1912–13లో స్కూల్ ఫైనల్ బోర్డు కార్యదర్శి, విద్యార్థులు తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని రాయవచ్చునని ఉత్తర్వు ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు తనిఖీలో మొదలైన ప్రశ్న ఈ ఉత్తర్వుతో ప్రెసిడెన్సీ అంతటికీ వర్తించింది.

ఈ ఉత్తర్వు గ్రాంథికాన్ని తొలగించలేదు. దాని పక్కన ఇంకొక భాషకు చోటిచ్చింది. అయినా తీవ్రమైన ప్రతిఘటన ఎదురైంది. 1911లో మద్రాసులో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఈ ప్రతిఘటనకు కేంద్రమయింది. జయంతి రామయ్య పంతులు 1913లో గ్రాంథిక భాషను సమర్థిస్తూ ఆంగ్లంలో గ్రంథం ప్రచురించారు. అదే సంవత్సరం గిడుగు ఆధునిక తెలుగుపై తమ విజ్ఞాపనను ఆంగ్లంలోనే వెలువరించారు. తెలుగు ఎలా రాయాలన్న వివాదంలో ఇరుపక్షాల కీలక పత్రాలు ఆంగ్లంలో ఉండటం యాదృచ్ఛికం కాదు. నిర్ణయాధికారం ఉన్న విశ్వవిద్యాలయానికీ ప్రభుత్వానికీ అర్థం కావలసిన భాష అది. పండితసభల్లో తేలవలసిన విషయం కార్యాలయాల్లో తేలబోతున్నదని ఉభయులూ గుర్తించారు.

విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచన విషయాన్ని పరిశీలించడానికి ఒక ఉపసంఘాన్ని నియమించింది. ఉపసంఘంలో మెజారిటీ గ్రాంథికం పక్షాన నిలిచింది. గురజాడ 1914లో తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. 1915 నాటికి స్కూల్ ఫైనల్ ఉత్తర్వును కూడా ప్రభుత్వం ఉపసంహరించుకుంది. ఆ సంవత్సరం నవంబరు 30న గురజాడ మరణించారు.

తప్పు దిద్దే కొలమానం

ఐచ్ఛికంగా మాత్రమే అనుమతించిన ఉత్తర్వు సైతం ఎందుకు నిలవలేకపోయింది? పండితుల పలుకుబడి, పరిషత్తు సంస్థాగత బలం, సంస్థానాధిపతుల ఆదరణ వంటి కారణాలు ఇప్పటికే చర్చకు వచ్చాయి. వీటితో పాటు పరీక్ష అనే వ్యవస్థ స్వభావాన్ని కూడా పరిగణించాలి.

తరగతి గదిలో ఉపాధ్యాయుడు భాషను బోధిస్తాడు; పరీక్షకుడు భాషకు మార్కులు వేస్తాడు. మార్కులు వేయడానికి ఏది తప్పో తెలియాలి. గ్రాంథికానికి అటువంటి కొలమానం ఉంది. పరవస్తు చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ (1858) సంధినీ, అరసున్ననూ, క్రియారూపాన్నీ సూత్రబద్ధం చేసింది. ఆ సూత్రాన్ని మీరిన చోట గీత గీయడం పరీక్షకుడికి సులభం. వ్యావహారికానికి అప్పటికి అటువంటి సర్వామోదిత వ్యాకరణం లేదు. ‘వచ్చాడు’, ‘వచ్చేడు’, ‘వచ్చినాడు’ అనే మూడు రూపాలను ముగ్గురు విద్యార్థులు రాస్తే ఎవరికి మార్కు తగ్గించాలన్న ప్రశ్నకు పరీక్షాసంస్థ వద్ద జవాబు లేదు.

గిడుగు ఈ బలహీనతను గుర్తించారనడానికి ఆయన వాదనా పద్ధతే నిదర్శనం. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనల్లోనే గ్రాంథిక వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలను ఆయన ఓపికగా ఎత్తిచూపారు. కొలమానం ఉన్నదని చెప్పేవారు సైతం ఆ కొలమానానికి నిలవలేకపోతే, బడిపిల్లవాడు ఎలా నిలుస్తాడన్నది ఆయన ప్రశ్న. ఇది పరీక్షాధికారం పునాదిని తాకిన విమర్శ. కాని పునాది బలహీనమని నిరూపించినంత మాత్రాన పరీక్షకుడి చేతికి మరొక కొలమానం రాదు. గిడుగు ప్రతిపాదించిన శిష్టవ్యావహారికం, అనగా చదువుకున్నవారు సభ్యసమాజంలో వాడే భాష, ఆ లోటును పూరించే ప్రయత్నంగా అర్థం చేసుకోవాలి.

‘ఏ జిల్లా భాష?’

గ్రాంథికవాదుల వాదనల్లో బలమైనది ప్రాంతభేదానికి సంబంధించినది. మాట్లాడే భాష జిల్లాకొక తీరుగా, కులానికొక తీరుగా ఉంటుంది. గ్రంథభాష మాత్రమే తెలుగువారందరికీ ఉమ్మడి అని వారు వాదించారు. ఈ వాదాన్ని కేవలం మార్పుపట్ల విముఖతగా తోసిపుచ్చడం సరికాదు. ఉత్తర కోస్తాలో తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుకు తన పరిధిలోని భాష ఒకటిగానే కనిపించవచ్చు. ప్రెసిడెన్సీ అంతటికీ ఒకే ప్రశ్నపత్రం పంపే బోర్డుకు ఆ సౌలభ్యం లేదు.

ఈ సందర్భంలో చిత్తూరు జిల్లా ఉదాహరణ ఉపయుక్తం. వివాదం మొదలైన కాలంలోనే, 1911 ఏప్రిల్ 1న, ఉత్తర ఆర్కాటు నుండి చిత్తూరు, చంద్రగిరి వంటి తాలూకాలనూ, కడప నుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలనూ కలిపి ఈ జిల్లాను ఏర్పాటు చేశారు. తమిళం, కన్నడం పొరుగున ఉన్న ఈ ప్రాంతపు తెలుగు, కృష్ణా గోదావరీ మండలాల తెలుగుకూ విశాఖ తెలుగుకూ భిన్నమైనది. ఈ భేదం గ్రాంథిక, వ్యావహారికాల మధ్య గీతకు సరిపోదు. కోస్తావారు ‘వచ్చాడు’ అనే చోట చిత్తూరు పల్లెల్లో ‘వచ్చినాడు’ అంటారు. అరసున్నను మినహాయిస్తే ఇది గ్రాంథికమైన ‘వచ్చినాఁడు’ రూపమే. కోస్తాలో ‘గేదె’ అయినది ఇక్కడ ‘ఎనుము’. అది కావ్యాల్లో కనబడే మాట. మరొక వైపు గ్రాంథికంలోని ‘వచ్చుచున్నాఁడు’కు బదులు కోస్తావారు ‘వస్తున్నాడు’ అంటే, ఇక్కడ ‘వస్తా ఉండాడు’ అంటారు. ఈ రూపం గ్రంథభాషకూ కోస్తా వ్యావహారికానికీ కూడా దూరం.

ఈ ఉదాహరణలు ఉభయపక్షాల అవగాహనకూ పరిమితులు ఉన్నాయని తెలుపుతాయి. ఒక ప్రాంతంలో మృతరూపంగా భావించినది మరొక ప్రాంతంలో వీధిలో వినబడుతున్నప్పుడు, గ్రాంథికమంతా జీవం లేనిదన్న సాధారణీకరణ నిలవదు. అదే విధంగా, గ్రంథభాష అందరికీ సమదూరంలో ఉన్నదన్న గ్రాంథికవాదుల మాట కూడా నిలవదు. ‘వచ్చినాఁడు’ చిత్తూరు విద్యార్థికి దగ్గర, గుంటూరు విద్యార్థికి దూరం. ‘వచ్చుచున్నాఁడు’ ఇద్దరికీ దూరమే అయినా ఆ దూరం సమానం కాదు. అయినా వివాదానికి ప్రధాన కేంద్రాలు విజయనగరం, పర్లాకిమిడి, విశాఖపట్నం, మద్రాసు కావడం వల్ల ప్రాంతభేదం వాదనకు ఆయుధంగా ఉపయోగపడిందే గాని, ఆయా ప్రాంతాల భాషను పరిశీలించే దిశగా చర్చ సాగలేదు.

ఓటమి, విజయం, మిగిలిన ప్రశ్న

పరీక్షాసంస్థలు ద్వారం మూసిన తరువాత వ్యావహారికోద్యమం తన రంగస్థలాన్ని మార్చుకుంది. 1919లో వీరేశలింగం అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. గిడుగు అదే ఏడాది ‘తెలుగు’ పత్రికను ప్రారంభించారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై తన నిషేధాన్ని సడలించింది. కథ, నవల, పత్రిక క్రమంగా వాడుక భాషను స్వీకరించాయి. 1940 జనవరి 22న గిడుగు మరణించే నాటికి సాహిత్యంలో ఆయన పక్షం చాలవరకు గెలిచింది. పాఠ్యపుస్తకాలు, విశ్వవిద్యాలయ పరీక్షలు ఆ మార్పును పూర్తిగా అంగీకరించడానికి ఆ తరువాత కూడా దశాబ్దాలు పట్టింది. పాఠకుడు ఒప్పుకున్న భాషను పరీక్షకుడు అందరికంటే ఆలస్యంగా ఒప్పుకున్నాడు.

అయితే పరీక్షాధికారం వ్యావహారికాన్ని స్వీకరించినప్పుడు తన స్వభావాన్ని మార్చుకోలేదు. దానికి ఒక కొలమానం కావాలి. చిన్నయసూరి సూత్రాల స్థానంలో ఆధునిక ప్రమాణభాష వచ్చింది. ఆ ప్రమాణభాషకు మధ్యకోస్తా విద్యావంతుల భాష ఆధారమయింది. దాని ఫలితంగా చిత్తూరు విద్యార్థి రాసే ‘ఉండాడు’ గ్రాంథిక యుగంలోనూ తప్పే, వ్యావహారిక యుగంలోనూ తప్పే. అతడు రాసే ‘వచ్చినాడు’ స్థితి మరింత విచిత్రమైనది: ఒకప్పుడు అరసున్న లేక తప్పయిన రూపం, ఇప్పుడు పాతవాసన వల్ల తప్పుగా కనబడుతుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘మిట్టూరోడి కతలు’ వంటి రచనలతో ఈ ప్రాంతపు పల్లె భాషకు సాహిత్య గౌరవం సాధించినా, ఆ గౌరవం జవాబుపత్రం దాకా చేరలేదు. గురజాడ సృజనలో సాధించిన గెలుపు 1914 నాటి ఉపసంఘంలో చెల్లకపోవడంతో దీనికి పోలిక ఉంది.

ముగింపు

1907 నుండి 1915 వరకు జరిగిన వివాదంలో ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న బోధనకు సంబంధించినది: పిల్లవాడికి తెలిసిన భాషలో చదువు ఎందుకు చెప్పరు? విశ్వవిద్యాలయమూ ప్రభుత్వమూ చివరకు ఇచ్చిన జవాబు పరీక్షకు సంబంధించినది: అందరినీ ఒకే కొలతతో ఎలా కొలవాలి? మొదటి ప్రశ్నకు రెండవది సమాధానం కాజాలదు. అయినా అధికార పరిధుల అమరిక వల్ల రెండవది మొదటిదాన్ని మరుగుపరచింది. కాబట్టి 1915 నాటి పరిణామాన్ని గ్రాంథికవాదుల విజయంగా మాత్రమే నమోదు చేయడం అసంపూర్ణం. అది బోధనపై పరీక్ష సాధించిన ఆధిక్యం. ఆ ఆధిక్యం వ్యావహారికం గెలిచిన తరువాత కూడా కొనసాగింది. మాండలిక భాషల విద్యాస్థానాన్ని గురించి నేడు జరిగే చర్చలు, యే భాష ప్రమాణమన్న ప్రశ్నతో పాటు, ప్రమాణాన్ని అమలు చేసే పరీక్షావిధానాన్ని కూడా పరిశీలించినప్పుడే యేట్స్ అడిగిన ప్రశ్నకు సమాధానం దిశగా సాగగలవు.