కోట కాలాకే పాపారాయుడు వచ్చాడు

1984లో వచ్చిన స్టార్ ట్రెక్ మూడో సినిమాలో అడ్మిరల్ కిర్క్ తన ఎంటర్‌ప్రైజ్ నౌకను తానే పేల్చేస్తాడు. శత్రువుల చేతికి చిక్కకూడదని తనవాళ్లతో కింది గ్రహానికి దిగిపోయి, ఆకాశంలో అది మండి రాలిపోవడం చూస్తాడు. అంతరిక్ష కథల్లో నాయకుడి నౌకంటే బండి కాదు, ఇల్లు. వెనక్కి వెళ్లడానికి ఇల్లే లేకుండా చేస్తే మనిషి ఏం చేస్తాడన్నదే అక్కడి నుంచి కథ. ఈ కిటుకు బలమేమిటో బొబ్బిలి కథ విని పెరిగిన మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

విజయనగరం ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు కోరిక మీద ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి మీదికి వచ్చాడు. యుద్ధానికి ముందు బొబ్బిలి రాజు రంగారావుకు ఒక బేరం పెట్టారని ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ రాశాడు: బొబ్బిలి వదిలేస్తే మరోచోట ఇంతకన్నా పెద్ద భూములిస్తాం. రంగారావు ఒప్పుకోలేదు. తాతల నాటి కోటకు మారుకోట ఉండదని ఆయన నమ్మకం. తర్వాత జరిగినదంతా ఈ ఒక్క జవాబులోంచే వచ్చిందని నేననుకుంటాను.

1757 జనవరి 24న ఫిరంగులు మట్టిగోడలను పగలగొట్టాయి. కోట నిలవదని తేలాక, ఆడవాళ్లూ పిల్లలూ శత్రువు చేత చిక్కకూడదని రంగారావు ఇళ్లకు నిప్పు పెట్టించాడు. బయటికి పరుగెత్తినవాళ్లను సొంత మనుషులే పొడిచారు. ఆ పని ముగించి వచ్చినవాళ్లు చచ్చేదాకా పోరాడారు.

కిర్క్ నౌకకూ బొబ్బిలి కోటకూ పోలిక ఇక్కడ తెగిపోతుంది. కిర్క్ తన నౌక పేలేలోపే తనవాళ్లను దించేశాడు. పైగా రెండేళ్లకు వచ్చిన తర్వాతి సినిమా చివర్లో అదే పేరుతో కొత్త నౌక దక్కింది. బొబ్బిలిలో లోపలున్నవాళ్లను ఎవరూ దించలేదు, మీకు సమ్మతమేనా అని అడిగిన దాఖలా కూడా లేదు. వీరగాథ విని ఒళ్లు పులకరించినప్పుడల్లా ఈ మాట కూడా తలుచుకోవాలి. అయితే రంగారావు కొడుకును ఒక ముసలాయన చెయ్యిపట్టి నడిపించుకొచ్చి ఫ్రెంచి అధికారి లా అనే ఆయనకు అప్పగించాడు. సంస్థానం తర్వాత మళ్లీ లేచింది. 1932లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా ప్రమాణం చేసింది బొబ్బిలి రాజాగారే.

బుర్రకథ మాత్రం అంతదాకా పోదు. అది పట్టుకున్నది రంగారావు సేనాపతి తాండ్ర పాపారాయుణ్ణి. యుద్ధమప్పుడు అతడు రాజాంలో ఉన్నాడు. వచ్చేసరికి కాపాడటానికి ఏమీ మిగల్లేదు. కోట నిలిచివుంటే అతడు సాయానికి వచ్చిన సేనాపతి, అంతే. అది బూడిదయ్యాక తల దాచుకునే చోటూ లేదు, ప్రాణం మీద తీపీ లేదు. అలాంటివాడిని ఏ కాపలా ఆపుతుంది? రాత్రివేళ తనవాళ్లతో విజయరామరాజు డేరాలోకి దూరి పొడిచి చంపాడు.

చంపినవాళ్లను కాపలావాళ్లు అక్కడికక్కడే నరికేశారని ఓర్మ్ చెబుతాడు. కథ చెప్పేవాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. వాళ్ల పాపారాయుడు పగ తీరాక తన కత్తితో తానే పొడుచుకుంటాడు. తన కోటను తానే తగలబెట్టించిన రంగారావుకు సేనాపతి అయినవాణ్ణి శత్రువు చేతిలో చావనివ్వడం వాళ్లకు చేతకాలేదు.