రాత్రి ఊపిరి లెక్కలు: తాళం ఎక్కడ పడింది, ఎలా తెరుచుకుంది



మీ ఇంటిలో ఎవరైనా సీప్యాప్ యంత్రం వాడుతున్నారా? అయితే ఆ యంత్రం రాత్రంతా వారి శ్వాసను కొలిచి, ఆ లెక్కలను ఒక చిన్న మెమరీ కార్డులో భద్రపరుస్తూ ఉండవచ్చు. వాటిని రోగి స్వయంగా, తన వద్ద ఉన్న ఏ కంప్యూటరులోనైనా చదువుకొనగల స్థితి ఒక్కనాటిలో రాలేదు.

నిద్రలో గొంతు కండరాలు సడలి, శ్వాసమార్గం మూసుకొని, ఊపిరి పదే పదే ఆగిపోవడమే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. ఒకప్పుడు వ్యాధి తీవ్రమైతే మెడ ముందుభాగాన శ్వాసనాళానికి రంధ్రం చేయవలసి వచ్చేది. 1980లో సిడ్నీ వైద్యుడు కోలిన్ సలివాన్ ముక్కుద్వారా ఎడతెగని గాలి పీడనమిచ్చి ఆ మార్గాన్ని తెరచి ఉంచవచ్చునని కనుగొన్నాడు. 1981లో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి.

తొలి యంత్రాలు గాలిని పంపడంతో సరిపెట్టుకొనేవి. కాలక్రమంలో శ్వాస ఎన్నిసార్లు ఆగినది, మాస్కు నుండి గాలి ఎంత కారినది కూడా నమోదు కాసాగాయి. అయితే వాటిని విప్పి చూపే తయారీదారుల సాఫ్ట్‌వేర్ ప్రధానంగా వైద్యుల కోసం, అదీ విండోస్ కోసం రూపొందినది. రెస్‌మెడ్ సంస్థ రెస్‌స్కాన్ ఇందుకు ఉదాహరణ. మాక్ లేదా లినక్స్ వాడే రోగికి తన ఊపిరి లెక్కే అందనిదైనది.

ఈ అడ్డంకిని దాటడానికి మూడు దారులు ఏర్పడ్డాయి. మొదటిది వైన్. 1993లో ఆరంభమైన ఈ సాఫ్ట్‌వేర్, విండోస్ ప్రోగ్రాము అడిగే పనులను లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చేయిస్తుంది. కాని యూఎస్‌బీ ద్వారా కలిపే పరికరాలకు ప్రత్యేక డ్రైవరు అవసరమైనచోట ఇది తరచు విఫలమవుతుంది. రెండవది వర్చువల్ మెషిన్, అనగా కంప్యూటరులోనే మరొక కంప్యూటరును సృష్టించి, అందులో విండోస్‌ను నడపడం. ఇది నమ్మదగినదే గాని, విండోస్ లైసెన్సు, తగినంత మెమరీ కావాలి.

మూడవ దారి అన్నిటికన్నా మేలైనది. ఐరోపా నిద్ర పరిశోధకులు ప్రయోగశాలల మధ్య రికార్డులను ఇచ్చిపుచ్చుకొనడానికి ఒక ఉమ్మడి పద్ధతిని రూపొందించి 1992లో ప్రచురించారు. దాని పేరు ఈడీఎఫ్. ఎవరైనా చదవగల ఈ పద్ధతిలోనే రెస్‌మెడ్ యంత్రాల కార్డులలో వివరాలు నిలువ ఉంటున్నాయి. అంటే తాళం పడినది కార్డుకు కాదు, దానిని చూపించే కిటికీకి. ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ మార్క్ వాట్కిన్స్ స్లీపీహెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ ఆ కిటికీని తెరిచాడు. ఆ కృషి ఆగిపోయాక, 2019లో స్వచ్ఛంద సేవకులు దాని ఆధారంగానే ఆస్కార్‌ను అందించారు.

ఇందువల్ల రోగికి కలిగే మేలేమిటని మీరు అడగవచ్చు. గంటకు సగటున శ్వాస ఆటంకాలు అయిదుకు లోపు ఉంటే చికిత్స సాగుతున్నట్లే భావిస్తాము. కాని ఆ సగటు ఒక్కటే చూస్తే, తెల్లవారుజామున గుంపుగా వచ్చిన ఆటంకాలు మరుగున పడవచ్చు; మాస్కు వదులై గాలి కారిన గంటలూ కనబడవు. యంత్రం పనిచేయడం లేదని విసిగి మూలన పెట్టేవారిలో కొందరికి మాస్కు సరిచేస్తే చాలు.

కార్డును కంప్యూటరులో పెట్టేముందు దాని పక్కనున్న చిన్న లాకును వేయండి. కొన్ని కంప్యూటర్లు తమ ఫైళ్లను అందులో రాస్తాయి. తిరిగి యంత్రంలో ఉంచేటప్పుడు ఆ లాకు తీయడం మరువకండి. మరొక్క మాట: లెక్కలు చదవడం మీ హక్కు, పీడనాన్ని మార్చడం మాత్రం మీ వైద్యునితో కలిసి చేయవలసిన పని. ఆ గ్రాఫులను ఆయనకు చూపించండి. వాటిని ముందుంచుకొని మీరు అడిగే ప్రశ్న, ఆయన ఇచ్చే సమాధానం, రెండూ మరింత స్పష్టమవుతాయి.